కత్తెరమ్మ ఆర్నెల్లు

లాండ్రీలో ఆమెను అందరూ కత్తెరమ్మ అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది షాపు యజమాని. ఇస్త్రీ చేసిన బట్టల్ని పాత పేపర్లో చుట్టి ఇవ్వడం ఆ షాపు పద్ధతి. పాత పేపర్ల కట్ట వచ్చిన రోజు ఆమె అన్నం తినే అరగంటలోనే కట్టంతా తిరగేసి, అందులో పడ్డ కూపన్లన్నీ కత్తిరించుకునేది. సబ్బులు, నూనె, టూత్‌పేస్టు, ఏదైనా సరే. దాంతో జనం చొక్కాలన్నీ కిటికీలున్న పేపర్లలో ఇళ్ళకి వెళ్ళేవి. ఒకసారి ఓ వకీలుగారు పొట్లం పట్టుకుని వెనక్కొచ్చారు.

"ఇదేంటయ్యా, నా చొక్కా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి దారంతా అందర్నీ పలకరిస్తూ వచ్చింది!"

యజమాని నవ్వాపుకుని, ఇంకో పేపరు చుట్టి ఆయన్ని పంపించేశాడు. తర్వాత లోపలికొచ్చి, "కత్తెరమ్మా, కనీసం వకీళ్ళ బట్టలకన్నా గోడ కట్టు తల్లీ" అన్నాడు. ఆ రోజు నుంచి అదే పేరు. ఆమె కూడా నవ్వింది. కానీ కత్తిరించడం మానలేదు. మానే వీలు అప్పట్లో ఆ ఇంటికి లేదు.

ఏడేళ్ళ కిందట ఆ ఇంట్లో కూపనంటే ఎవరికీ పట్టేది కాదు. ఆమె భర్త డబ్బాల మీద అంటించే లేబుళ్ళు అచ్చేసే ప్రెస్సులో మెషీన్ నడిపేవాడు. ఇద్దరు ఆడపిల్లలు, మూడో అంతస్తులో రెండు గదుల అద్దె ఇల్లు, ఆదివారం సాయంత్రం పార్కు. ఓ రోజు అతను మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. అన్నం డబ్బా తెరవనేలేదు. ప్రెస్సు గేటుకి తాళం వేశారని చెప్పి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుండిపోయాడు.

కాసేపటికి తనే తేరుకుని, "ఆర్నెల్లు ఓపిక పట్టు. ఆర్నెల్లలో ఇంకో ప్రెస్సులో చేరిపోతాను" అన్నాడు.

ఆర్నెల్లే కదా అనుకుంది. మనిషి ఆర్నెల్లు ఏ కష్టమైనా పడగలడు. నడుం బిగించి లాండ్రీలో ఇస్త్రీకి చేరింది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆవిరి పెట్టె ముందు నిలబడే పని. అతను పార్సిళ్ళు పంచడానికి సైకిలెక్కాడు. ఊళ్ళో ప్రెస్సులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడుతున్నాయే తప్ప, కొత్తగా మెషీన్ నడిపే మనిషి కావాలన్నవాళ్ళు లేరు. ఆర్నెల్లు గడిచాయి. ఇంకో ఆర్నెల్లు గడిచాయి. ఆ తర్వాత ఆ మాట ఎత్తడం ఇద్దరూ మానేశారు.

కూపన్ల విద్య ఆమెకి ఎవరూ నేర్పలేదు. అవసరమే చెవి మెలేసి నేర్పింది. పాత కర్టెను గుడ్డతో ఎనిమిది జేబుల సంచీ కుట్టుకుంది. అందరూ సబ్బులొకచోట, పప్పులొకచోట పెడతారు. ఆమె మాత్రం గడువు తేదీ ప్రకారం పెట్టుకునేది. ఈ వారం చచ్చిపోయే కూపన్లు మొదటి జేబులో, వచ్చే నెలవి చివరి జేబులో. ప్రతి సోమవారం ఒక్కో జేబు ముందుకు జరిపేది. రెండు వీధుల అవతల ఉన్న పెద్ద సూపర్‌మార్కెట్‌లో నెలలో మొదటి మంగళవారం కూపన్‌కి రెట్టింపు తగ్గింపు. కాకపోతే మనిషికి ఒక్క కూపనే. అందుకని ఆ రోజు ఇంటిల్లిపాదీ తలా ఒక బుట్ట పట్టుకుని, ఒకరికొకరు ముక్కూమొహం తెలియనట్టు వేరువేరుగా వరసలో నిలబడేవాళ్ళు.

"అక్కని చూడకు. నాన్నని పిలవకు. డబ్బులిచ్చి, సరుకు తీసుకుని బయటికొచ్చెయ్" అని చిన్నదానికి దారంతా నూరిపోసేది. అప్పుడు దానికి ఆరేళ్ళు. కౌంటరు దగ్గర దాని వంతు రాగానే, అడగని ప్రశ్నకి గట్టిగా సమాధానం చెప్పింది.

"నా వెనకున్నావిడ మా అమ్మ కాదు."

కౌంటరావిడ కళ్ళద్దాలు కిందికి దించి దాన్నీ, వెనకున్న ఆమెనీ, పక్క వరసలో పైకప్పు వైపు చూస్తున్న పెద్దదాన్నీ చూసింది. "నువ్వు కాదంటే మాత్రం? ముగ్గురూ ఒకటే ముక్కు పెట్టుకుని వచ్చారు కదమ్మా" అంది. అయినా కూపను తీసుకుంది. వరసలో వాళ్ళంతా నవ్వారు. కత్తెరమ్మ కూడా నవ్వినట్టు మొహం పెట్టింది కానీ, చెవులు మాత్రం ఇంటికెళ్ళేదాకా మండుతూనే ఉన్నాయి.

కూరగాయలకి కూపన్లుండవు. అక్కడికొచ్చేసరికి ఆమె డాబా ఎక్కింది. ఇంటివాళ్ళని బతిమాలి, పెయింటర్లు వదిలేసిన బకెట్లు, పగిలిన బట్టల టబ్బు, ఇసుక సంచులు పోగేసి మొక్కలు పెట్టింది. మొదటి ఏడాది పురుగులే తిన్నాయి. రెండో ఏడాది పురుగులూ ఆమే సగం సగం పంచుకున్నారు. మూడో ఏటికి ఆమె చెయ్యి తిరిగింది. టమాటా, వంకాయ, చిక్కుడు, పాలకూర, పిట్టగోడంతా అల్లుకున్న సొరపాదు. ఆ సొరపాదు మరీ ఉదారమైనది. ఒకసారి కాయడం మొదలుపెడితే ఇక ఆపేది కాదు.

"అమ్మా, ఇవాళ సొరకాయ ఏ వేషంలో వస్తోంది?" అని చిన్నది కంచం ముందు కూర్చుని అడిగేది.

"నిన్న వేసిన వేషంలోనే. మేకప్ తీసే టైం లేదు" అనేవాడు తండ్రి.

డాబా మీదికి నీళ్ళ పైపు లేదు. కూరగాయలు కడిగినవీ, బట్టలు జాడించినవీ, స్నానానివీ, వాడిన ప్రతి చుక్కా పట్టి ఉంచి, పొద్దున రెండు బకెట్లు, సాయంత్రం రెండు బకెట్లు ఆమే పైకి మోసేది. ఇస్త్రీ పెట్టె దగ్గర తొమ్మిది గంటలు నిలబడి వచ్చిన కాళ్ళతో. పెద్దదానికి చదువు, చిన్నదానికి బడి, అతనికి చీకటి పడేదాకా పార్సిళ్ళు. ఎవరికీ తీరిక లేదని ఆమే అనేది. "ఉండండి, నేను మోస్తాలే" అని అంత తేలిగ్గా అనేది కాబట్టి మిగతావాళ్ళు కూడా అది తేలికేననుకున్నారు.

అలా ఏడేళ్ళు. పెద్దమ్మాయి చదువు పూర్తయి ఓ కళ్ళ ఆస్పత్రిలో పేర్లు రాసుకునే ఉద్యోగం దొరికింది. అదే చలికాలంలో అట్టపెట్టెలు చేసే కొత్త ఫ్యాక్టరీలో మెషీన్ తెలిసిన మనిషి కావాలన్నారని తెలిసి అతను వెళ్ళాడు. తీసుకున్నారు. మూడు నెలలు గడిచి, ఉద్యోగం పక్కా అయిన రోజు సాయంత్రం అతను ఇంటికొచ్చి, అందర్నీ కూర్చోబెట్టి, ఏదో సభలో మాట్లాడుతున్నవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"అయిపోయింది. ఇక మనకి కూపన్లూ వద్దు, బకెట్లూ వద్దు. రేపు నువ్వెళ్ళి, నీకేం కావాలో చూసి, ధర చూడకుండా కొనుక్కురా."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె కూడా సంతోషించింది. సంతోషం వచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఆ విధంగానే మొహం పెట్టుకుంది. లోపల మాత్రం ఏమీ కదల్లేదు. ఎవరో పక్కింటి వాళ్ళ శుభవార్త విన్నట్టుంది.

మర్నాడు లాండ్రీ సెలవు. జేబుల సంచీ ఇంట్లోనే వదిలేసి సూపర్‌మార్కెట్‌కి వెళ్ళింది. సబ్బుల అరల ముందు నిలబడింది. ఏడేళ్ళుగా ఆమె సబ్బుని ఎన్నుకోలేదు. ఏ సబ్బుకి కూపనుంటే ఆ సబ్బే ఇంటికొచ్చేది. ఇప్పుడు నలభై రకాలు ఎదురుగా ఉన్నాయి. ఒకటి తీసి వాసన చూసి పెట్టేసింది. ఇంకోటి తీసింది. పక్కన ఎవరో వచ్చారు, కొన్నారు, వెళ్ళారు. మళ్ళీ ఎవరో వచ్చారు. తనకి ఏ వాసన ఇష్టమో గుర్తు చేసుకోవాలని చూసింది. గుర్తు రాలేదు. తాను ఇంతకుముందు ఏం వాడేదో, ప్రెస్సు మూతపడక ముందు, అది కూడా గుర్తు రాలేదు.

ఖాళీ బుట్టతో కౌంటరు పక్కనుంచి వెళ్తుంటే కళ్ళద్దాలావిడ పిలిచింది. "ఏంటక్కా, ఒంట్లో బాలేదా? సంచీ ఏది?"

"ఇవాళ ఊరికే వచ్చాను."

"నువ్వు ఊరికే రావడమేంటి!" అని ఆవిడ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది.

ఇంటికొచ్చేసరికి చిన్నది మంచం కింద దూరి అట్టపెట్టెలు బయటికి లాగుతోంది. పదమూడేళ్ళ పిల్ల. కష్టాలు అయిపోయాయి కాబట్టి ఇల్లు సర్దుదామనుకుంది పాపం. మంచం కింద నుంచి వచ్చిన సరుకు గదంతా పరుచుకుంది. లెక్క తెలియనన్ని సబ్బులు. ఒకదానికొకటి అతుక్కుపోయిన టూత్‌పేస్టులు. ఇంట్లో ఎవరూ ముట్టని ఆవపిండి సాసు సీసాలు, ఉచితంగా వచ్చాయని తెచ్చినవి. గడువు దాటి ఏడాదైన బిస్కెట్ ప్యాకెట్లు.

"అమ్మా, ఇవి పారేస్తున్నా. మెత్తబడి వాసనొస్తున్నాయి."

"అక్కడ పెట్టు."

"ఎవరు తింటారు?"

"అక్కడ పెట్టమన్నానా!"

అంత గొంతు ఆ ఇంట్లో ఎప్పుడూ వినలేదు. చిన్నదాని చేతిలోంచి ప్యాకెట్ లాక్కుంది. అది చిరిగి బిస్కెట్లు నేలంతా పొడిపొడిగా రాలాయి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఆ పొడి ఏరడం మొదలుపెట్టింది. "ఇవి తేవడానికి ఎంత తిరిగానో మీకేం తెలుసు? ఎన్ని వరసల్లో నిలబడ్డానో తెలుసా? పారేస్తుందట, పారేస్తుంది!"

చిన్నది కొంచెంసేపు నిలబడి చూసింది. దానికి కోపం రాలేదు. భయం వేసింది.

"అమ్మా, మన కష్టాలు అయిపోయాయని నాన్న నిన్న చెప్పాడు కదా. నీకు వినబడలేదా?"

ఆమె పొడంతా చేటలోకి ఎత్తింది, ఎత్తి ఏం చెయ్యాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి వంటగదిలో నిండి ఉన్న రెండు బకెట్లు తీసుకుని మెట్లెక్కింది. సాయంత్రమైంది, మొక్కలకి నీళ్ళు పొయ్యాలి. ఆలోచించడానికి ఏమీ లేని పని అదొక్కటే కనబడింది.

నాలుగో అంతస్తు దాటి డాబా మెట్ల మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయాసం వచ్చి బకెట్లు కింద పెట్టింది. ఒక్క నిమిషం అని మెట్టు మీద కూర్చుంది. ఆ నిమిషం అయిపోయింది. లేవాలని చేతులు బకెట్ల వైపు చాపింది. చేతులు వెళ్ళాయి కానీ ఒళ్ళు లేవలేదు. నొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. పొయ్యి ఆరిపోయినట్టు ఒంట్లో ఏదో ఆరిపోయింది, అంతే. వెంటిలేటర్లోంచి ఎండ గోడ మీద పడి, మెల్లగా పైకి పాకి, పైకప్పు దగ్గర సన్నబడి పోయేదాకా అక్కడే కూర్చుంది. నాలుగో అంతస్తు పిల్లలు బంతి పట్టుకుని పక్కనుంచి ఎక్కారు, దిగారు. దారివ్వడానికి కాస్త పక్కకి జరిగింది. అంతకంటే చేతకాలేదు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన భర్తకి చిన్నది జరిగింది చెప్పింది. అతను మెట్లెక్కి వచ్చాడు. ఆమెని చూసి కంగారు పడ్డాడు.

"ఏమైంది? పడ్డావా?"

"లేదు. కూర్చున్నాను."

"లే. కిందికి పోదాం."

"లేవలేను."

అతను రెండు మెట్లు కింద కూర్చున్నాడు. బకెట్లో నీళ్ళకేసి చూశాడు.

"నిన్ననే కదా చెప్పాను, ఇక ఇవేవీ వద్దని. ఆపెయ్యమన్నాను కదా."

ఆమె తలెత్తింది. గొంతు పెంచలేదు.

"మీరు ఆపమనగానే ఆగడానికి నేనేమన్నా మీ మెషీన్నా? స్విచ్చి నొక్కితే తిరిగి, నొక్కితే ఆగిపోడానికి?"

"అది కాదు..."

"ఆర్నెల్లన్నారు."

అతను బకెట్ పిడి పట్టుకుని మళ్ళీ వదిలేశాడు.

"ఆర్నెల్లన్నారు కదా? నేను ఆర్నెల్లకి సరిపడా ఊపిరి బిగబట్టాను. తర్వాత ఇంకెంతకాలమో మీరు చెప్పలేదు, నేను అడగలేదు. అడిగితే మీరు బాధపడతారని అడగలేదు. ఏడేళ్ళు. నిన్న వచ్చి అయిపోయిందన్నారు. ఎవరికి అయిపోయింది? ఇవాళ షాపుకెళ్ళి ఒక్క సబ్బు కొనలేకపోయాను. నాకు ఏ సబ్బు ఇష్టమో నాకే తెలియడం లేదు."

మాట్లాడుతుండగానే ఏడుపు వస్తుందేమోననుకుంది. రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి కదా.

అతను నోరు విప్పాడు. "నాకు తెలుసు, నువ్వు అలిసిపోయావని. మూడో ఏటినుంచే తెలుసు. నువ్వు బకెట్లు మోసి దిగి వచ్చేటప్పుడు గోడ పట్టుకుని దిగేదానివి. చూసేవాణ్ణి. చూసి, చూడనట్టు పేపరు తిరగేసేవాణ్ణి. అడిగితే నువ్వు 'అవును, అలిసిపోయాను' అంటావేమో, అంటే నా దగ్గర ఇవ్వడానికేమీ లేదు. అందుకని అడగలేదు."

అది విన్నాక ఆమెకి కోపం వచ్చిందో, బరువు దిగిందో ఆమెకే తేలలేదు. రెండూ కొంచెం కొంచెం అయ్యుండాలి. ఇన్నాళ్ళూ ఎవరికీ కనబడలేదనుకుంది. కనబడిందన్నమాట. కనబడి కూడా ఊరుకున్నారన్నమాట.

"ఇప్పుడైనా అడగండి" అంది.

"అలిసిపోయావా?"

"అలిసిపోయాను."

అతను లేచి రెండు బకెట్లూ ఎత్తుకుని పైకి వెళ్ళాడు. మొదటి నాలుగు మెట్లలోనే సగం నీళ్ళు పాంటు మీద పోసుకున్నాడు. పైనుంచి దభీదభీమని నీళ్ళు కుమ్మరించిన శబ్దం వచ్చింది. అలా పోస్తే పాలకూర నారు కొట్టుకుపోతుందని ఆమెకి తెలుసు. చెబుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. పోతే పోనీ అనుకుంది. ఏడేళ్ళలో ఆ మాట అనుకోవడం అదే మొదటిసారి.

ఆదివారం ఆమె మధ్యాహ్నం రెండింటి దాకా నిద్రపోయింది. పెద్దది తలుపు సందులోంచి మూడుసార్లు తొంగి చూసి వెళ్ళింది. లేచాక ఒళ్ళు తేలికపడలేదు. ఇంకా బరువెక్కింది. ఇన్నేళ్ళ అలుపు ఒక్క నిద్రతో తీరదని, అది వరసలో నిలబడి ఒక్కొక్కటే బయటికొస్తుందని ఆమెకి ఆ వారంలో అర్థమైంది. డాక్టరు పరీక్షలు రాసిచ్చాడు. అన్నీ చూసి జబ్బేమీ లేదన్నాడు. రక్తం కొంచెం తక్కువుంది, విశ్రాంతి తీసుకోమన్నాడు. లాండ్రీ యజమాని రోజుకి రెండు గంటలు తగ్గించాడు. ఆమె ఇస్త్రీ బల్ల దగ్గర ఎత్తుపీట ఒకటి వేయించాడు. "ఏడేళ్ళుగా ఈ పీట సామాన్ల గదిలోనే పడుంది, అడగొచ్చు కదమ్మా" అన్నాడు. అడగాలని ఆమెకి తోచనే లేదు.

ఇంట్లో మాటామంతీ తర్వాత కొన్ని విషయాలు తేలాయి. డాబా మీద సగం బకెట్లు ఖాళీ చేసేశారు. పాలకూర, వంకాయ పోయాయి. సొరపాదు ఉంటుందా ఊడుతుందా అన్నప్పుడు చిన్నది చెయ్యెత్తి మరీ ఊడాలంది, దాని మాటే నెగ్గింది. టమాటా, చిక్కుడు మిగిలాయి. నీళ్ళు మోసే పని తండ్రికీ కూతుళ్ళకీ వంతులు. వాళ్ళ వంతుల్లో కొన్ని మొక్కలు ఎండాయి, కొన్ని మునిగాయి. ఆమె చూసింది, ఏమీ అనలేదు. మంచం కింది సరుకులో పాడైంది పారేశారు. సబ్బులు మాత్రం అలాగే ఉంచారు, ఇంకో రెండేళ్ళు కొనక్కర్లేదు. కూపన్లు పూర్తిగా మానలేదు. పేపర్లో ఏదైనా పనికొచ్చేది కనబడితే కత్తిరిస్తుంది, గడువు దాటిపోతే పోనిస్తుంది. మొదట్లో గడువు దాటిన కూపను చూస్తే గుండె కలుక్కుమనేది. ఇప్పుడూ అంటుంది, కొంచెం తక్కువగా.

వేసవి మొదట్లో ఓ సాయంత్రం లాండ్రీ నుంచి తొందరగా వదిలారు. దారిలో చెప్పుల షాపు ముందు ఆగింది. ఏ కూపనూ లేదు, ఏ తగ్గింపూ లేదు. లోపలికెళ్ళి కూర్చుంది. కుర్రది ఒకతి నాలుగు జతలు తెచ్చి ముందు పెట్టింది. అన్నీ తొడిగి చూసుకుంది. ఒక జత అడుగు మెత్తగా, మడమ కింద దూది పెట్టినట్టుంది. లేచి రెండడుగులు నడిచింది. మళ్ళీ రెండడుగులు వేసింది. ధర అడగబోయి, అడక్కుండా, "ఇవి ఇవ్వమ్మా" అంది. పాతవి పెట్టెలో పెట్టించుకుని, కొత్తవి తొడుక్కునే బయటికొచ్చింది.

ఇంటికొచ్చేసరికి భర్త డాబా మీద ఉన్నాడు. మెల్లగా, ప్రతి మలుపులో ఆగుతూ పైకి ఎక్కింది. అతను టమాటా మొక్కకి నీళ్ళు పోస్తూ తిరిగి చూశాడు.

"కొత్త చెప్పులా? ఎంతయ్యాయి?"

"చెప్పను."

అతను నవ్వాడు. ఆమె పిట్టగోడకి ఆనుకుని నిలబడింది. కాళ్ళు ఇంకా నొప్పిగానే ఉన్నాయి. కాసేపటికి, "ఆ మొక్కకి చాల్లెండి. ఇంక పోస్తే మునుగుతుంది" అంది.